పోయినవాళ్లంతా తిరిగి రావాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి "అన్నా, స్వర్ణోత్సవానికి నువ్వు అరగంట మాట్లాడాలె" అన్నప్పుడు, దేని గురించి అని అడిగాను. "డాక్టర్ సాబ్ షుగర్ గురించి చెప్తున్నడు, బ్యాంకు సార్ పొదుపు గురించి చెప్తున్నడు. నువ్వు పోలీసు పని గురించి చెప్పు. కాని జనాన్ని భయపెట్టకు" అన్నాడు. భయపెట్టకుండా పోలీసు పని చెప్పడం కష్టమే. ప్రయత్నిస్తాను.

ముందుగా ఒక బడి సంగతి. 1977లో మమ్మల్ని నిజాంసాగర్‌కు తీసుకుపోయారు. రెండు బస్సులు. బయలుదేరేటప్పుడు మా డ్రిల్ సార్ ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టి ఎక్కించారు. డ్యామ్ చూశాం, తెచ్చుకున్న పులిహోర తిన్నాం, తూముల దగ్గర తిరగొద్దంటే తిరిగాం. సాయంత్రం అలసిపోయి బస్సుల్లో కూలబడ్డాం. డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు. సార్ ఆపమన్నారు. మళ్లీ మొదటి నుంచి తలల లెక్క. ఒకడు తక్కువ వచ్చాడు. వెతికితే ఒక చెట్టు కింద నిద్రపోతున్నాడు. సార్ వాణ్ని కొట్టలేదు, రెక్క పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. మేం నవ్వుతుంటే ఒక మాటన్నారు: "పోయేటప్పుడు లెక్క అందరూ పెడ్తరు. వచ్చేటప్పుడు పెట్టేటోడే సారు."

ఆ నిద్రపోయినవాడు ఇవాళ ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పను. మనవళ్లు పక్కనే కూర్చున్నారు.

ముప్ఫై ఆరేళ్లు పోలీసు శాఖలో పనిచేసి డీఎస్పీగా రిటైరయ్యాను. మధ్యలో కొన్నేళ్లు కొత్త ఎస్సైలకు పాఠాలు చెప్పాను. ప్రమాదకరమైన ఆపరేషన్‌కు ప్లాన్ ఎట్లా వెయ్యాలి, ముప్పును ముందుగా ఎట్లా అంచనా కట్టాలి అన్నది నా పాఠం. ఎన్ని చార్టులు గీసినా ఆ పాఠం చివరికి డ్రిల్ సార్ మాట దగ్గరికే వచ్చేది.

ప్రమాదకరమైన ఆపరేషన్ అంటే ఏమిటి? ఆయుధం ఉన్నవాణ్ని పట్టుకోవడం, బందీలను విడిపించడం, అడవిలో కూంబింగ్, రెండు గుంపులు ఎదురుపడ్డ చౌరస్తాలో నిలబడడం, పాత నేరస్తుణ్ని కోర్టుకో ఆసుపత్రికో తీసుకుపోవడం. సినిమాలో అయితే హీరో ఒక్కడే జీపు దిగుతాడు, తలుపు తంతాడు, పని అయిపోతుంది. తలుపు అవతల ఎవరున్నారో ఆయనకు ముందే తెలుసు, ఎందుకంటే డైరెక్టర్ చెప్పాడు. మాకు చెప్పే డైరెక్టర్ లేడు.

ఆ సంగతి నాకు తెలిసొచ్చిన రోజు ఒకటుంది. నేను ఎస్సై అయిన మూడో ఏడు. మన జిల్లా కాదు, ఊరి పేరు చెప్పను. నాటు తుపాకీతో దోపిడీలు చేస్తున్న ఒకడు చెరుకు తోటలో దూరాడని కబురొచ్చింది. చెరుకు అంటే ఏమిటో మీకు చెప్పనక్కర లేదు. నరకడానికి వచ్చిన తోట మనిషికి రెండింతల ఎత్తు. లోపలికి పోతే పక్క సాలులో ఉన్నవాడు కనబడడు. ఆకు కత్తిలా కోస్తుంది. నేను బోధన్ వాణ్ని, చెరుకు నాకు తెలియదా అన్న పొగరు. తొమ్మిది మందిమి. నలుగురిని తూర్పు గట్టు నుంచి, మిగతా వాళ్లతో నేను పడమటి గట్టు నుంచి లోపలికి పోయాం. మధ్యలో వాణ్ని పట్టుకోవాలని లెక్క. అదే నా ప్లాన్. కాగితం మీద చూస్తే బాగానే ఉంటుంది.

పది నిమిషాలు నడిచాక ముందర ఆకు కదిలింది. రివాల్వర్ ఎత్తాను. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. అప్పుడే అవతల మనిషి దగ్గాడు. ఆ దగ్గు నాకు తెలుసు. మా హెడ్ కానిస్టేబుల్‌ది, బీడీ దగ్గు. ఆయన తుపాకీ కూడా నా వైపే ఉంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

రెండు జట్లను ఎదురెదురుగా పంపితే, మధ్యలో దొంగ ఉన్నా లేకున్నా, పేలిన ప్రతి తూటా మనవాళ్ల వైపే పోతుంది. ఎవరు ఏ వైపు కాల్చకూడదో నేను చెప్పలేదు. గుర్తు మాట పెట్టుకోలేదు. ఈల వేస్తే ఆగాలని చెప్పలేదు. ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది నా తెలివి కాదు, ఒక బీడీ.

బయటికొస్తే గట్టు మీద ఆ తోట రైతు కూర్చుని ఉన్నాడు. "సారూ, చెరుకుల దూరొద్దు. దూరితె మీకు మీరే కనబడరు. గట్ల మీద నిలబడుండ్రి. తెల్లారేదాంక ఉంటడు, దూప అయితె వాడే కాలువకొస్తడు" అన్నాడు. ఆయన చెప్పినట్టే చేశాం. తెల్లవారి ఏడు గంటలకు వాడు నీళ్లకొచ్చాడు. తుపాకీ తోటలోనే వదిలేసి వచ్చాడు. ఒక్క గుండు పేలలేదు. పోయిన తొమ్మిది మందిమి, వాడితో కలిపి పది మందిమి, స్టేషన్‌కు వచ్చాం.

ఆ రైతు చెప్పిన దాన్నే తర్వాత నేను క్లాసులో పెద్ద పెద్ద మాటలతో చెప్పాను: చుట్టుముట్టు, దారులు మూసెయ్, మాట్లాడు, ఆగు. పోలీసు చేతిలో ఉన్న అన్ని ఆయుధాల్లో చవకైనది సమయం. మేం మొదట పారేసుకునేది కూడా దాన్నే.

ముప్పు అంచనా అనగానే పిల్లలు ఏదో లెక్కల పరీక్ష అనుకుంటారు. అది మన ఊళ్లో అందరికీ తెలిసిన విద్యే. మా నాయన నిజాం షుగర్స్‌లో బాయిలర్ దగ్గర పనిచేశాడు. గానుగ సీజన్ మొదలయ్యే ముందు బాయిలర్‌ను పరీక్ష చేసేదాకా నిప్పు పెట్టనిచ్చేవారు కాదు. చిన్నప్పుడు నేనడిగాను, "ఎన్నడన్న పేలిందా నాయనా?" అని. "పేలలే. పేలితె అడగనీకి నువ్వుండవు, చెప్పనీకి నేనుండ" అన్నాడు.

ముప్పు అంచనా మొత్తం ఆ జవాబులో ఉంది. అడగాల్సిన ప్రశ్నలు రెండు. జరిగే అవకాశం ఎంత? జరిగితే నష్టం ఎంత? రెండూ వేర్వేరు. బైకు పంక్చర్ రోజూ అవుతుంది, నష్టం పది నిమిషాలు. బాయిలర్ ఎప్పుడో గాని పేలదు, పేలితే మిగిలేది లేదు. అందుకే అవకాశం తక్కువే అని సేఫ్టీ వాల్వ్ చూడ్డం మానెయ్యరు. పోలీసు పనిలో మేం చేసే పెద్ద తప్పు ఇక్కడే. "ఎన్నిసార్లు పోలేదు, ఏమైంది?" అంటాం. ఏమీ కాకపోవడం మన ప్లాన్ బాగుండడం వల్లనా, అదృష్టం వల్లనా అని అడగం. ఆ ఫ్యాక్టరీ సైరన్ ఆగిపోయి పదేళ్లయింది గాని, మా నాయన మాట ఇప్పటికీ నా చెవిలో మోగుతుంది.

కొత్త ఎస్సైలకు నేను ఐదు ప్రశ్నలు ఇచ్చేవాణ్ని. జేబు డైరీ మొదటి పేజీలో రాయించేవాణ్ని.

మొదటిది: ఈ సంగతి మనకు ఎట్లా తెలిసింది? కబురు మూడు రకాలు. చూసిన మాట, విన్న మాట, అనుకున్న మాట. మూడూ స్టేషన్‌కు వచ్చేసరికి ఒక్కటే మాటై కూర్చుంటాయి. "ఇంట్లో ఉన్నాడు" అంటారు. ఎవరు చూశారు? ఎప్పుడు? ముఖం చూశారా, చొక్కా చూశారా?

దీనికి నేను లండన్ ఉదాహరణ చెప్పేవాణ్ని. 2005 జూలై 7న అక్కడ రైళ్లలో, బస్సులో బాంబులు పేలి 52 మంది పోయారు. రెండు వారాలకు మళ్లీ ప్రయత్నం జరిగింది, ఆ బాంబులు పేలలేదు. నిందితుల్లో ఒకడి చిరునామా దొరికింది, అది ఒక అపార్టుమెంటు. పోలీసులు బయట కాపు కాశారు. జూలై 22 ఉదయం అందులోంచి జాన్ చార్లెస్ డి మెనెజెస్ అనే 27 ఏళ్ల బ్రెజిల్ ఎలక్ట్రీషియన్ పనికి బయలుదేరాడు. అతనికీ బాంబులకూ ఏ సంబంధం లేదు. వీడేనా కాదా అన్నది ఎవరూ ఖాయంగా తేల్చలేదు. ఆపాల్సిన సాయుధ జట్టు సమయానికి అక్కడ లేదు. స్టాక్‌వెల్ స్టేషన్‌లో రైలెక్కాక, జట్టు పరుగెత్తుకొచ్చి కాల్చి చంపింది. "అతనే కావచ్చు" అన్న మాట చేతులు మారేకొద్దీ "అతనే" అయిపోయింది.

2007లో లండన్ పోలీసు శాఖను కోర్టు దోషిగా తేల్చి 1,75,000 పౌండ్లు జరిమానా వేసింది. ఏ చట్టం కింద వేసిందో తెలుసా? పని స్థలాల్లో కార్మికుల, జనం భద్రత కోసం చేసిన చట్టం కింద. అంటే మా నాయన బాయిలర్‌కు ఏ న్యాయమో, పోలీసు ప్లాన్‌కూ అదే న్యాయం అన్నారు. ట్రిగ్గర్ నొక్కిన వేలును కాదు, ఆ వేలును అక్కడిదాకా తెచ్చిన ఏర్పాటును తప్పుపట్టారు.

రెండో ప్రశ్న: అక్కడ ఇంకా ఎవరున్నారు? ఇంట్లో పసిపిల్ల ఉందా, మంచం మీద ముసలమ్మ ఉందా, పక్క గోడకు ఆనుకుని ఎవరు పడుకుంటారు, గ్యాస్ సిలిండర్ ఎక్కడుంది? మనం పట్టుకోబోయేవాడు ఒకడు. ఆ వీధిలో ఉన్నవాళ్లు వంద మంది. 2022 మార్చిలో మన బోధన్ అంబేద్కర్ చౌరస్తాలో రెండు వర్గాల జనం ఎదురుపడి, లాఠీలు, బాష్పవాయువు దాకా పోయిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. చాలామంది షట్టర్లు దించుకుని ఇళ్లల్లో కూర్చున్నారు. అటువైపూ ఇటువైపూ నిలబడ్డవాళ్లలో ఇదే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఉండి ఉంటారు. గుంపును సంభాళించే ప్లాన్ ఆ రోజు పొద్దున మొదలుపెడితే ఆలస్యమే. అది నెలల ముందు, ఏ పెద్దమనిషి మాట ఎవరు వింటారో తెలుసుకోవడంతో మొదలవుతుంది.

మూడోది: ఇప్పుడే పోవాలా? ఆగితే ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే తప్పకుండా పోవాలి. లేకపోతే, తెల్లారేదాకా ఎందుకు ఆగకూడదు? నూటికి ఎన్నోసార్లు తొందర నేరస్తుడి వల్ల రాదు. పైనుంచి వచ్చే ఫోన్ వల్ల, పొద్దున పేపర్లో రావాలన్న ఆశ వల్ల వస్తుంది.

నాలుగోది: అనుకున్నట్టు జరక్కపోతే ఏం చేస్తాం? దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రి, ఎంత దూరం, బండి ఎటు తిరిగి ఉంది? నాయకుడే పడిపోతే తర్వాత ఎవరు? అన్నిటికంటే ముఖ్యం, "ఆపండి, వెనక్కి పోదాం" అనే అధికారం ఎవరిది? నా లెక్కలో జట్టులో చిన్న కానిస్టేబుల్‌కు కూడా ఆ మాట అనే హక్కుండాలి. ఆ మాటన్నవాణ్ని పిరికివాడు అన్నవాళ్లను నేను క్లాసులోంచి బయటికి పంపాను.

ఐదోది: ఎట్లా తిరిగొస్తాం?

ఈ ఐదో ప్రశ్న దగ్గర కొంచెం ఆగుతాను. 1989లో కె.ఎస్. వ్యాస్ గారు గ్రేహౌండ్స్ దళాన్ని కట్టారు. అడవిలో చిన్న జట్లుగా నడవడం, పోయిన దారిలో తిరిగి రాకపోవడం ఆ దళానికి ప్రాణం లాంటి నియమాలు. దేశంలోనే పేరున్న దళం అది. 1993 జనవరిలో వ్యాస్ గారిని అడవిలో కాదు, హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో, సాయంత్రం వ్యాయామానికి వచ్చిన చోట కాల్చి చంపారు. రోజూ వచ్చే చోటు, రోజూ వచ్చే వేళ.

2008 జూన్ 29న అదే గ్రేహౌండ్స్ వాళ్లు ఒడిశా సరిహద్దులో కూంబింగ్ ముగించుకుని, బలిమెల జలాశయం మీద పడవలో తిరిగొస్తున్నారు. పడవలో అరవై మందికి పైగా ఉన్నారు. గుట్టల మీద కాపు కాసిన మావోయిస్టులు పైనుంచి కాల్పులు జరిపారు. పడవ మునిగింది. 38 మంది చనిపోయారు. అడవిలో రోజుల తరబడి జాగ్రత్తగా నడిచినవాళ్లు, నీళ్ల మీద పోయారు. పడవకు దాక్కునే చోటు లేదు, పక్కకు తిరిగే దారి లేదు, అందరూ ఒక్కచోటే. పని అయిపోయింది, ఇంటికి పోతున్నాం అనుకున్న గంటలోనే అది జరిగింది. మూడు వారాలు తిరక్కుండానే జూలై 16న అక్కడికి దగ్గర్లోనే మల్కన్‌గిరి జిల్లాలో మందుపాతర తట్టుకుంటుందన్న బండిని మందుపాతరే పేల్చేసింది. 17 మంది ఒడిశా పోలీసులు చనిపోయారు. బండి గట్టిదైతే చాలు అనుకోవడం కూడా ఒక ముప్పే.

బలిమెల వార్త విన్న రాత్రి నాకు డ్రిల్ సార్ గుర్తొచ్చారు. వచ్చేటప్పుడు లెక్క.

ఇప్పుడు మీరు అనుకోవచ్చు, ఇవన్నీ అడవుల సంగతులు, మనకెందుకు అని. సూర్యాపేట అడవి కాదు, జాతీయ రహదారి మీద ఊరు. 2015 ఏప్రిల్ 1 రాత్రి అక్కడి బస్టాండులో పోలీసులు మామూలుగా బస్సులు తనిఖీ చేస్తున్నారు. అనుమానంగా ఉన్న ఇద్దరిని అడగబోతే వాళ్లు తుపాకులు తీశారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు అక్కడే చనిపోయారు. ఇన్‌స్పెక్టర్‌కు గాయాలయ్యాయి. మూడో రోజు జానకీపురం దగ్గర మళ్లీ ఎదురుపడ్డప్పుడు ఇంకో కానిస్టేబుల్, తర్వాత ఆసుపత్రిలో ఎస్సై సిద్ధయ్య చనిపోయారు. ఆ ఇద్దరూ మధ్యప్రదేశ్ ఖండ్వా జైలు నుంచి 2013లో తప్పించుకున్న ఉగ్రవాదులని ఆ తర్వాత బయటపడింది. బస్టాండులో తనిఖీ చేసినవాళ్లకు అది దొంగల కోసం చేసే రోజువారీ పని. అవతలివాళ్లకు అది చావో రేవో. ముప్పు రెండు వైపుల నుంచి ఒకేలా కనబడదు.

ఇక మన ఇంటి సంగతి. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. చెప్పకపోతే ఈ ప్రసంగం అబద్ధమవుతుంది.

2025 అక్టోబరు 17 సాయంత్రం, మన నిజామాబాద్ పట్టణంలో, వినాయక్‌నగర్‌లో సీసీఎస్ కానిస్టేబుల్ ప్రమోద్ చనిపోయాడు. వాహన దొంగతనాల్లో పాత నేరస్తుణ్ని పట్టుకుని బైకు మీద స్టేషన్‌కు తీసుకుపోతుంటే, ఆ మనిషి కత్తితో పొడిచాడు. అడవి లేదు, మందుపాతర లేదు. మీరూ నేనూ కూరగాయలకు తిరిగే వీధులు.

ఆ కానిస్టేబుల్ ఏం తప్పు చేశాడని వెతకడానికి నేను ఈ మాట ఎత్తలేదు. నేను కూడా ఎస్సైగా ఉన్న రోజుల్లో ఎంతమందిని నా బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయానో లెక్కలేదు. జీపు ఉంటే డీజిల్ లేదు, డీజిల్ ఉంటే డ్రైవర్ సెలవు. ఆగితే వాడు జారిపోతాడు. "ఎక్కురా" అనేవాణ్ని. నా వీపు వాడికి అప్పగించి, నా కళ్లు రోడ్డు మీద పెట్టి నడిపేవాణ్ని. ఒక్కసారి కూడా ఏమీ కాలేదు. అది నా ప్లాన్ కాదు, నా అదృష్టం. ఆయనకు ఆ అదృష్టం లేకపోయింది. ఇద్దరం చేసిన పని ఒక్కటే. పేపర్ చదివిన రోజు నాకు అన్నం దిగలేదు.

చట్టంలో దీనికి దారి ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 49వ సెక్షన్ అరెస్టయిన మనిషిని సోదా చేసే అధికారం ఇస్తుంది. 50వ సెక్షన్ దొరికిన ఆయుధం తీసుకొమ్మంటుంది. ఇవి పాత చట్టంలో కూడా ఉన్నవే. బేడీల విషయంలో, అందరికీ అలవాటుగా వెయ్యకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. కొత్త చట్టం 43వ సెక్షన్‌లో, మళ్లీ మళ్లీ నేరం చేసేవాళ్లకు, ఇదివరకు తప్పించుకున్నవాళ్లకు, కొన్ని తీవ్రమైన నేరాల్లో వెయ్యవచ్చని ఉంది. అంటే ప్రతి అరెస్టు దగ్గరా పోలీసు ఒక అంచనా కట్టాలనే చట్టం అడుగుతోంది: ఈ మనిషి ఎవడు, ఇదివరకు ఏం చేశాడు, ఇప్పుడు ఏం చెయ్యగలడు? ఆ అంచనా వెయ్యడానికి ఒక నిమిషం, సోదాకు రెండు నిమిషాలు, రెండో మనిషి, నాలుగు చక్రాల బండి. ఇవి లేకుండా ఏ కానిస్టేబుల్‌నూ పంపకూడదు. ఇవి ఇవ్వాల్సింది కానిస్టేబుల్ కాదు, పైన కూర్చున్న మాలాంటివాళ్లం.

ఈ కథ అక్కడితో అయిపోలేదు. రెండు రోజులకు ఆ నిందితుడు దొరికాడు. పట్టుకునేటప్పుడు మన ఊరి యువకుడొకడు, పోలీసు కాదు, మామూలు మనిషి, అడ్డంపడి గాయపడ్డాడు. అతని మతమేమిటి, నిందితుడి మతమేమిటి అని ఆ రోజుల్లో ఫోన్లలో తిరిగిన చెత్త అంతా పక్కన పెట్టి, ఆ ఒక్క పిల్లవాడి ధైర్యాన్ని మనం గుర్తుపెట్టుకుంటే చాలు.

అక్టోబరు 20న ప్రభుత్వ ఆసుపత్రిలో కాపలా పోలీసు ఆయుధం లాక్కోబోయాడని, అందుకే కాల్చాల్సి వచ్చిందని పోలీసులు చెప్పారు. నిందితుడు చనిపోయాడు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఆ విషయం తనంతట తాను విచారణకు తీసుకుంది. అక్కడేం జరిగిందో నేను తీర్పు చెప్పను, అది విచారించేవాళ్ల పని. 2014లో సుప్రీంకోర్టు ఇటువంటి చావులన్నిటికీ కేసు నమోదు, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ ఉండాలని నియమాలు పెట్టింది. అవి పోలీసుకు శత్రువులు కావు. నిజాయితీగా పనిచేసినవాడికి అవే రక్ష.

పాఠం చెప్పేవాడిగా మాత్రం ఒక మాట చెప్తాను. ఆసుపత్రి కాపలా కూడా ప్రమాదకరమైన ఆపరేషనే. మంచం పక్కన నిలబడేవాడి దగ్గర తుపాకీ ఉండకూడదు, తుపాకీ ఉన్నవాడు మంచానికి చెయ్యందేంత దగ్గర ఉండకూడదు. నర్సు ఎప్పుడొస్తుంది, బాత్రూముకు ఎవరు తీసుకుపోతారు, పక్క వార్డులో ఎవరున్నారు, ఇవన్నీ రాసి ఉండాలి. సభలో కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్తాను. ఆ ఊరేగింపులు, టపాకాయలు చూసి నాకు సంతోషం కలగలేదు. మా తమ్ముణ్ని చంపినవాడు కోర్టులో నిలబడి, సాక్షుల ముందు, జడ్జి నోటి నుంచి శిక్ష వినాలని నా కోరిక. దాని కోసమే గదా ప్రమోద్ అతన్ని చంపకుండా పట్టుకుని స్టేషన్‌కు తీసుకుపోయింది. ఆయన మొదలుపెట్టిన పని పూర్తి కాలేదు.

మర్నాడు అక్టోబరు 21. దేశమంతా పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. 1959లో లద్దాఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల చేతిలో చనిపోయిన పది మంది పోలీసుల పేరు మీద మొదలైన రోజు. ఏటా స్తూపం దగ్గర ఆ ఏడు పోయినవాళ్ల పేర్లు చదువుతారు. నేను ఆ పరేడ్‌లో ఎన్నో ఏళ్లు నిలబడ్డాను. తుపాకులు తలకిందులు చేసి నిలబడ్డప్పుడు ప్రతిసారీ ఒకటే ఆలోచన. ఈ పేర్లలో ఎన్ని ధైర్యం వల్ల వచ్చాయి, ఎన్ని మా ప్లాన్ లేనితనం వల్ల వచ్చాయి? ధైర్యానికి స్తూపం కట్టాం, మంచిదే. ప్లాన్ లేనితనానికి ధైర్యం అని పేరు పెట్టి దండ వేస్తే, వచ్చే ఏడు ఆ జాబితా ఇంకొంచెం పెరుగుతుంది.

అందుకే నేను ప్రతి ఆపరేషన్ తర్వాత, ఏమీ కాని రోజు కూడా, జట్టును కూర్చోబెట్టి టీ తాగిస్తూ అడిగేవాణ్ని: ఇవాళ మనల్ని కాపాడింది మన తెలివా, బీడీ దగ్గా? కుర్రాళ్లకు ఆ కథ తెలుసు కాబట్టి నవ్వేవాళ్లు. నవ్వాక నిజం చెప్పేవాళ్లు. "సార్, వెనక తలుపు నేను చూడలేదు." "సార్, నా వైర్‌లెస్ పనిచెయ్యలేదు, చెప్పడానికి సిగ్గుపడ్డాను." తిట్టు పడదని తెలిస్తేనే ఆ మాటలు బయటికొస్తాయి. అవి బయటికొచ్చిన జట్టే ఇంటికొస్తుంది.

మీరేం చెయ్యగలరని అడుగుతారు. చిన్న పనులే. పోలీసుకు కబురు చెప్పేటప్పుడు చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు వేరు చేసి చెప్పండి. "ఇంట్లో చిన్నపిల్లలున్నారు సార్" అని మీరు చెప్పే ఒక్క మాట ఒక ప్రాణం కాపాడుతుంది. రోడ్డు మీద ఎవరైనా పడిపోయి ఉంటే, ఖాకీ వేసుకున్నా వేసుకోకున్నా, ఫోన్ వీడియోకు కాదు, 108కు వాడండి. మన బడి నుంచి పోలీసు ఉద్యోగాలకు పోయిన పిల్లలు చాలామంది ఉన్నారు. సంఘం తరఫున వాళ్లకు శాలువాలు కప్పుతున్నారు, సంతోషం. దానితోపాటు రక్తం ఆపడం, గాయానికి కట్టు కట్టడం నేర్పే శిక్షణ ఏడాదికొకసారి ఈ బడిలోనే పెడదామని నా ప్రతిపాదన. మన డాక్టర్ సాబ్ ఒప్పుకున్నాడు, ఇందాక టిఫిన్ దగ్గర మాట తీసుకున్నాను. మొదటి ఏడాది ఖర్చు మా 1979 బ్యాచ్‌ది.

పోలీసు ఉద్యోగానికి తయారవుతున్న పిల్లలకు చివరి మాట. పరుగు పందెంలో మీరు గెలుస్తారు, నాకు అనుమానం లేదు. కాని నాయనా, నువ్వొక తలుపు ముందర నిలబడ్డ రోజు, తన్నే ముందు ఒక్క నిమిషం ఆగి ఆ ఐదు ప్రశ్నలు అడుగు. నీతో వచ్చినవాడికి ఇంట్లో అమ్మ ఉంది. తలుపు అవతలివాడికీ ఉంది. పక్కింట్లో నీలాంటి పిల్లవాడు పొద్దున పరీక్షకు చదువుకుంటున్నాడు. అందరినీ లెక్కలో వేసుకో.

మా డ్రిల్ సార్ ఇప్పుడు లేరు. ఉంటే ఈ సభ అయ్యాక గేటు దగ్గర నిలబడి మనందరినీ లెక్కపెట్టే పంపేవారు. భోజనాల తర్వాత చీకటి పడుతుంది, బండ్ల మీద వచ్చినవాళ్లు హెల్మెట్ పెట్టుకుని, మెల్లగా పోండి. ఇంటికి చేరాక మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట పెట్టండి. ఎవరు పెట్టలేదో నేను చూస్తాను.